బావి గట్టున ఆయిలు ఇంజను

సిద్ధిపేట పట్టణమునకు చేరువనున్న ఇబ్రహీంపూర్ ఒక మెట్ట గ్రామము. ఆ ప్రాంతమున ఏడాది పొడవున పారెడి ఏరు లేదు. తరతరములుగా అచటి సేద్యము చెరువుల మీదను, కుంటల మీదను, రాతినేలలో త్రవ్విన బావుల మీదను ఆధారపడినది. గుట్టలపై కురిసిన వాన వృథాగా జారిపోకుండ కందకములు త్రవ్వి, ఇంటింట ఇంకుడుగుంత లేర్పరచుకొని ఈ గ్రామము ఇటీవలి సంవత్సరములలో పేరు తెచ్చుకొన్నది. నీటిని నేలలోనికి దింపుటలో ఇంత శ్రద్ధ చూపిన ఊరు తలపునకు వచ్చినప్పుడు, దిగిన నీటిని మరల పొలమునకు ఎక్కించు సాధనమును గూర్చి నాలుగు మాటలు చెప్పవలెనని మాకు తోచినది. మేము చెప్పబోవునది కరెంటు మోటారును గూర్చి కాదు. ఇట్టి ఊళ్లలో పాత కొట్టముల మూలలను దుమ్ము పట్టి పడియుండు ఆయిలు ఇంజనును గూర్చి.

పూర్వము బావినీరు తోడుటకు మోటయే దిక్కు. జత యెడ్లు వాలుదారిని దిగుచు, మరల వెనుకకు నడచుచు మోటను లాగుచుండగా, ఒక మనిషికి తెల్లవారుజాము మొదలు పొద్దెక్కువరకు అదియే పని. 1950, 1960 దశకములలో ఆయిలు ఇంజను పల్లెలకు వచ్చి ఎడ్ల మెడలమీది ఆ బరువును దింపినది. ఇంగ్లండులోని డర్స్‌లీ పట్టణమున లిస్టరు కంపెనీవారు 1930 ప్రాంతమున వెలువరించిన ఒంటి సిలిండరు డీజిలు ఇంజను దీనికొక మూలరూపము. మన దేశమున కిర్లోస్కరువారి ఆయిలు ఇంజనుల కంపెనీ 1946లో పూనా వద్ద నెలకొన్నది. గుజరాతులోని రాజకోట్ కర్మశాలలు లిస్టరు నమూనా ననుసరించి ఇంజనులను పోతపోసి దేశమంతటికిని, విదేశములకును పంపినవి. ఇరుప్రక్కల రెండు బరువైన ఫ్లైవీళ్లు, నడుమ ఒక నిలువు సిలిండరు, నిమిషమునకు 600 లేక 650 చుట్లు, 5 లేక 6 గుఱ్ఱముల బలము, 300 కిలోలకు తక్కువ కాని బరువు - ఇదియే దాని స్వరూపము. తొందరపడని యంత్రము కనుకనే అది అరువది యేండ్ల తరువాతను మరమ్మతునకు లొంగుచున్నది.

తరువాత కరెంటు వచ్చినది, బోరుబావులు వచ్చినవి. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున సేద్యమునకు 24 గంటలు ఉచిత విద్యుత్తు ఇచ్చుట మొదలైనది. ఇక ఇంజనుతో పనియేమని అనేకులు దానిని పాత ఇనుము క్రింద తూకమునకు అమ్మివేసిరి. వారిని మేము తప్పుపట్టజాలము. పూర్తి బరువు మీద గంటకొక లీటరుకు పైబడి డీజిలు త్రాగు యంత్రముతో ఏటేట పంట పండించుట గిట్టుబాటు కాదు. కాని యాసంగి వరి పొట్టకు వచ్చిన వారముననే ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయినప్పుడును, కరెంటు తీగ పోని కుంటనుండి మక్కచేనికి ఒక్క తడి ఇచ్చి గట్టెక్కించవలసినప్పుడును, పూడిక తీయుటకు బావిని వట్టిపోగొట్టవలసినప్పుడును ఆ మూలనున్న యినుము విలువ తూకముతో తేలునది కాదు. అట్టి దినమున అది కదలవలెనన్నచో ముందునుండి దానిపై కొంత దృష్టి నిలుపవలెను.

చాలకాలము పడియున్న ఇంజను మొట్టమొదట తిరుగనే తిరుగదు. పిస్టను రింగులు తుప్పుతో సిలిండరు గోడకు పట్టుకొనియుండును. ఇట్టిచోట సమ్మెటకు చెప్పవలసిన పని ఏమియు లేదు. ఫ్లైవీలు పోతయినుము, దెబ్బకు పగులును. నాజిలు విప్పి, ఆ రంధ్రముగుండ కిరసనాయిలును, పలుచని నూనెను కలిపి ఒక గ్లాసెడు పోసి, రెండు మూడు దినములు విడిచిపెట్టవలెను. పిదప ఇరువురు చెరియొక ఫ్లైవీలు పట్టి ముందుకును వెనుకకును మెల్లగా ఊపవలెను. కదలనిచో మరల పోయుట, మరల వేచియుండుట. కదలినది మొదలు చాలభాగము గెలిచినట్లే. పోసిన నూనె నాజిలు రంధ్రముగుండ బయటికి చిమ్మిపోవువరకు చేతితో త్రిప్పి, అడుగు తొట్టిలోని పాత మడ్డిని తీసి, కొత్త ఆయిలు పోసిన తరువాతనే తక్కిన పని. సిలిండరులో నూనె నిలిచియుండగా బలముగా త్రిప్పినచో పిస్టనుకు చోటు చాలక కనెక్టింగు రాడ్డు వంగును.

ఇంతకును ఈ ఇంజను మంట ఎచ్చటనుండి వచ్చునో తెలిసినచో దాని జబ్బులలో సగము తెలిసినట్లే. ఇందు మోటారు సైకిలుకు వలె నిప్పురవ్వ వేయు ప్లగ్గు లేదు. పిస్టను పైకి వచ్చుచు గాలిని సుమారు 16వ వంతునకు అదుమును. అట్లదిమిన గాలి 500 డిగ్రీల సెంటిగ్రేడునకు పైగా వేడెక్కును. సరిగా ఆ క్షణముననే నాజిలు మంచుతుంపరవలె డీజిలును చిమ్మును. చిమ్మినది తనంతట తానే అంటుకొనును. రుడాల్ఫ్ డీజిలు అను జర్మను ఇంజనీరు 1897లో నడిపి చూపిన సూత్రమిదియే. రేడియో గల ఇండ్లవారి కిందొక లాభము కలదు. రవ్వతో నడచు పెట్రోలు, కిరసనాయిలు ఇంజను ప్రక్క పొలమున నడచునప్పుడు మీడియం వేవులో చిటపటలు వినవచ్చును. డీజిలు ఇంజను మీ పాటల కార్యక్రమమునకు అడ్డురాదు, దాని చప్పుడు తప్ప.

కనుక ఇంజను రాజుకొనుటకు గాలి గట్టిగా అదుముపడవలెను, డీజిలు సన్నగా చిమ్మబడవలెను. మొదటిదానిని పరీక్షించుట సులభము. పైనున్న డీకంప్రెషను మీటను మూసి ఫ్లైవీలును చేతితో త్రిప్పినచో, పిస్టను పైకి వచ్చునప్పుడు గట్టిగా ఎదురు తిరిగి బంతివలె వెనుకకు తన్నవలెను. అట్లు తన్నక మెత్తగా సాగిపోయినచో రింగులో, వాల్వులో, హెడ్డు గ్యాస్కెట్టో గాలిని విడుచుచున్నవన్నమాట. తెరచియున్న గాలిగొట్టముకడ 'ఉస్'మని వినబడిన ఇన్‌లెటు వాల్వు, పొగగొట్టముకడ వినబడిన ఎగ్జాస్టు వాల్వు, ఆయిలు పోయు మూతికడ వినబడిన రింగులు. చెవియే ఇచ్చట పానాకంటె ముందు పనిచేయును. వాల్వులను గ్రైండింగు పేస్టుతో అరగదీసి కూర్చోబెట్టుట ఓపిక గలవాడు ఇంటివద్దనే చేసికొనవచ్చును. రింగులు మార్చుట మాత్రము మేస్త్రీకి విడుచుట మేలు.

రెండవది డీజిలు. మా అనుభవమున పది ఇంజనులు మొరాయించినచో ఎనిమిదింటికి కారణము డీజిలు దారిలోనే యుండును. మేమే ఒక పర్యాయము ఉదయమునుండి మధ్యాహ్నమువరకు హెడ్డు విప్పి, వాల్వులు చూచి, మరల బిగించి, చెమటలు కార్చితిమి. చివరకు ఒక పిల్లవాడు టాంకు మూత తీసి చూచి, అడుగున నీరున్నదని చెప్పెను. వానలో మూత సరిగా పెట్టకపోవుట మా పొరపాటే. నీరు డీజిలు కంటె బరువైనది కనుక అడుగునకు దిగి, మొట్టమొదట గొట్టములోనికి అదియే పోవును. అందుచేత ఏ పానాయు పట్టకముందు టాంకు అడుగు బిరడా విప్పి ఒక గాజుసీసాలోనికి కొంత వదలి చూడవలెను. డీజిలు పోయునప్పుడు గరాటాలో సన్నని వస్త్రమో, జాలియో తప్పక యుండవలెను. నాజిలు రంధ్రములు వెంట్రుకవాసివి. వాటికి ఇసుక రేణువు బండరాయితో సమానము.

డీజిలు ఒకసారి అయిపోయిన తరువాత, లేక గొట్టములు విప్పిన తరువాత, దారిలో గాలి చిక్కుకొనును. పంపు ఆ గాలిని నొక్కును, వదలును, మరల నొక్కును. నాజిలుకు మాత్రము డీజిలు చేరదు. దీనిని తీయుటకు వరుస కలదు. మొదట ఫిల్టరు మీది మరను కొంచెము వదులుచేసి, బుడగలు పోయి నిండు ధార వచ్చిన పిదప బిగించవలెను. తరువాత డీజిలు పంపుకడ అట్లే. ఆ తరువాత నాజిలుకు చేరు సన్న గొట్టము కొన మరను వదలించి, హ్యాండిలుతో నెమ్మదిగా త్రిప్పుచు, అచ్చట డీజిలు ఉబికినంతనే బిగించవలెను. అన్నియు సరియైనప్పుడు ప్రతి చుట్టునకు నాజిలు 'కిర్రు' మని కూయును. ఆ కూత విన్న తరువాత హ్యాండిలు వేసినచో ఇంజను అందుకొనుట తథ్యము. నాజిలును బయట పెట్టి చిమ్ముట చూడగోరువారు చేతిని మాత్రము దాని యెదుట పెట్టరాదు. చదరపు సెంటీమీటరునకు 100 కిలోలకు మించిన ఒత్తిడితో వచ్చు ఆ తుంపర చర్మమును చీల్చుకొని నెత్తురులో కలియును. పైకి సూదిపోటువలె కనబడి లోన చేయినే చెడగొట్టగలదు. అట్లు జరిగినచో నొప్పి లేదని ఊరకుండక వెంటనే ఆసుపత్రికి పోవలెను.

హ్యాండిలు త్రిప్పుటలోను ఒక పద్ధతి యున్నది. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ల ప్రక్కనే యుంచి పట్టవలెను. హ్యాండిలు చుట్టి గుప్పిట పట్టరాదు. ఇంజను వెనుకకు తన్నినచో బొటనవ్రేలు చుట్టుకొన్న చేయి విరుగును. డీకంప్రెషను మీట తెరచి పది పన్నెండు చుట్లు వేగముగా త్రిప్పి, ఊపు వచ్చిన పిదప మీట మూసి, అందుకొనగనే హ్యాండిలును ఊడదీయవలెను. పంచె కొంగు, భుజముమీది తువాల, చీర చెరగు ఇంజను దరికి రాకూడదు. పట్టా వేగము కంటికి తక్కువగా తోచును, కాని గుడ్డను పట్టినచో మనిషిని వదలదు. ఇంజను నాపుటకు డీజిలునే ఆపవలెను. డీకంప్రెషను మీట యెత్తి ఆపు అలవాటు వాల్వులను చెరచును.

నూనె విషయమున పొదుపు పనికిరాదు. ఆయిలు పుల్లను దినదినము చూచుట, పుస్తకము లేనిచో 100 గంటలకొకసారి పూర్తిగా మార్చుట ఉత్తమము. చల్లబరచు నీటిని గూర్చి మాత్రము కొంచెము వివరముగ చెప్పవలసియున్నది. సముద్రతీరపు జాలరులు పడవ వెనుక తగిలించు మోటారు ఈ ఇంజనుకు చిన్నతమ్ముని వంటిది. అది నీటిని వెనుకకు నెట్టి పడవను నడుపును, ఇది నీటిని పైకి నెట్టి పొలమును పారించును. ఆ మోటారు సముద్రపు నీటినే పీల్చి చల్లబడును. అందుచే తెలిసిన జాలరి ఒడ్డు చేరగనే మంచినీటితో దాని లోపలి దారులను కడుగును; కడుగనివాని మోటారును ఉప్పు తినివేయును. మన రాతినేలల బావినీటిలో అంత ఉప్పు లేకపోయినను సున్నము పాలు కలదు. కాగు అడుగున తెల్లని పక్కు కట్టునట్లే సిలిండరు చుట్టునున్న నీటి గదిలోను పక్కు కట్టును. నీరు పారుచున్నట్లే యుండును, ఇంజను మాత్రము కాగిపోవుచుండును. సంవత్సరమున కొకసారి ప్రక్క బిళ్ల విప్పి ఆ పక్కును గీకివేయవలెను. నీరు ఆగి ఇంజను సలసల కాగినప్పుడు కంగారుపడి చన్నీళ్లు పోయరాదు. హెడ్డు బీటవారును, బీటవారిన హెడ్డునకు మందు లేదు. ఇంజను నాపి, అది చల్లారువరకు చెట్టు నీడను కూర్చుండవలెను.

నడచుచున్న ఇంజను ఆరోగ్యమును పొగగొట్టమే తెలుపును. నల్లపొగ వచ్చినచో బరువెక్కువైనను, గాలి ఫిల్టరు మూసికొనిపోయినను, నాజిలు కారుచున్నను కావచ్చును. నీలిపొగ వచ్చినచో రింగులు అరిగి ఆయిలు కాలుచున్నది. తెల్లపొగ చలివేళ మొదటి రెండు నిమిషములు సహజము. ఆగనిచో సరిగా అదుముపడుట లేదని గాని, సిలిండరులోనికి నీరు దిగుచున్నదని గాని అర్థము. పని తీరిన తరువాత నీరు వదలివేసి, పిస్టనును రెండు వాల్వులును మూసియుండు స్థితికి తెచ్చి నిలిపి, పొగగొట్టము మూతికొక డబ్బా బోర్లించినచో మరుసటి సంవత్సరము తేమ చేరదు. కందిరీగలును కాపురము పెట్టవు.

ఇంజను చక్కగా నడచుచు నీరు రాకపోవుట మరియొక తంటా. దానికి ఇంజనును తిట్టి ప్రయోజనము లేదు. పంపును నీటితో నింపినప్పుడు, ఆ నింపిన నీరు గరాటాలో నిలువక దిగిపోవుచున్నచో బావిలోని ఫుట్ వాల్వు తోలు చెడినది, లేక దాని నడుమ పుల్లయో, ఆకో ఇరికినది. నీరు నిలిచినను పంపు అందుకొనకున్నచో లాగు గొట్టపు అతుకులలో ఎచ్చటనో గాలి దూరుచున్నది. పంపు ఇరుసు చుట్టునుండు గ్లాండు దారమునుండి నిమిషమునకు ఇరువది ముప్పది చుక్కలు కారుచుండుట దోషము కాదు. అదియే ఇరుసును చల్లగా ఉంచును. చుక్క కారరాదని బిగించినవాడు ఇరుసును అరగగొట్టుకొనును.

ఇక నీటి లోతు మాట. పంపు నీటిని లాగునని అందుము. నిజమునకు అది గొట్టములోని గాలిని తీసివేయగా, బావినీటిపై మోపియున్న వాతావరణపు బరువు ఆ నీటిని పైకి నెట్టును. ఆ బరువు సముద్రతీరమున 10.3 మీటర్లకు మించి నెట్టజాలదు. ఎత్తైన మన మెట్టసీమలో ఇంకను కొంత తక్కువ. గొట్టపు ఒరిపిడి, అతుకుల లోపములు పోగా 6 మీటర్లనే హద్దుగా పెట్టుకొనుట బుద్ధిమంతుల పని. వానల తరువాత తాడునకు రాయి కట్టి గట్టునుండి నీటి మట్టమును కొలిచి చూడుడు. కందకములు త్రవ్వి నీటిని నిలుపుకొన్న ఊరిబావిలో నీరు ఆ హద్దులోనికి వచ్చినచో ఇంజను గట్టుననే యుండి పనిచేయును. యాసంగి ముదిరి మట్టము దిగినప్పుడే చిక్కు.

అట్లు దిగినప్పుడు పూర్వమునుండియు ఒక అలవాటు కలదు. బావి గోడకు అరుగు చెక్కి, ఇంజనును పంపుతో సహా దానిపైకి దింపుట. ఒక మనిషి లోపలనే కూర్చుండి దానిని కాచుకొనును. ఈ అలవాటును మేము ఎంతమాత్రము ఒప్పుకొనము. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది నెత్తురులో ప్రాణవాయువు చోటును ఆక్రమించును. మొదట తలనొప్పి, పిదప వికారము, మోకాళ్లలో బలము తగ్గుట. మెట్లెక్కి రావలెనని తోచునప్పటికి కాళ్లు మాట వినవు. కిరసనాయిలు, పెట్రోలు ఇంజనులలో ఈ విషము మరియు హెచ్చు. డీజిలు పొగలో తక్కువే యైనను, నాలుగు ప్రక్కల గోడలున్న బావిలో, బరువు మీద నల్లపొగ కక్కు పాత ఇంజను దగ్గర ఆ తక్కువ ప్రాణము తీయుటకు చాలును. పొగగొట్టమును గట్టుపైకి పొడిగించితిమను ధైర్యమును పనికిరాదు. అతుకులన్నియు కారును, గట్టున వదలిన పొగయు గాలివాటమునుబట్టి తిరిగి బావిలోనికే దిగును.

పాతబావిలో దిగుటకు ముందు లాంతరు దింపి చూచు ఆచారము మంచిదే. ప్రాణవాయువు చాలనిచోట దీపము ఆరిపోవును. అయితే లాంతరు చెప్పునది అంతవరకే. మనిషిని చంపుటకు చాలినంత మోనాక్సైడు ఉన్నచోటను అది నిశ్చింతగా వెలుగుచునే యుండును. దీపము వెలుగుచున్నదిగదా యని, నడచిన ఇంజను వెంటనే బావిలో దిగిన యెడల ఆ దీపమే మోసపుచ్చినదగును. నీరు లోతునకు పోయినప్పుడు ఇంజనును గట్టుననే, పొగగొట్టము బావికి పెడమొగముగ, గాలి వీచు వైపు చూచి నిలిపి, పంపును మాత్రము అరుగుమీదికి దింపి పొడుగు పట్టాతో త్రిప్పుట కొన్నిచోట్ల కలదు. పట్టా చుట్టును కంచె గట్టిన యెడల అది ఫరవాలేదు. పంపునకు ఏదైన చేయవలసి లోనికి దిగవలసివచ్చినచో మొదట ఇంజను నాపి, చాలసేపు గాలి ఆడనిచ్చి, నడుమునకు మోకు కట్టుకొని, ఆ మోకు కొనను గట్టున ఇరువురు పట్టుకొనియుండగా దిగవలెను. పొగ పట్టునంత లోతుననే నీరున్న బావికి ఈ ఇంజను తగదని ఒప్పుకొని, కరెంటు మోటారు బాగగువరకు ఆగుట మరియు మంచిది; ఒక మడి ఎండినను సరియే.

లోపలివాడు పలుకకున్నచో అతని వెంట మరియొకడు దిగుట సర్వసాధారణముగా జరుగు అనర్థము. అన్నకోసము తమ్ముడును, తమ్మునికోసము తండ్రియు దిగుదురు. ఎవరును దిగరాదు. ఇంజను నాపి, మోకు కట్టియున్నచో దానితోనే లాగి, కట్టనిచో 101కును 108కును వెంటనే ఫోను చేసి, వచ్చువారు గాలితిత్తి ముసుగుతో దిగువరకు గట్టుననే నిలిచియుండవలెను. పైకి తెచ్చినవానిని గాలి ఆడుచోట పరుండబెట్టి, శ్వాస ఆగియున్నచో కృత్రిమశ్వాస ఇచ్చుచు, లేచి కూర్చున్నను తలనొప్పి తగ్గినదని ఇంటికి పంపక ఆసుపత్రికే చేర్చవలెను.